మెటల్ డిటెక్టర్‌ను కారులో తీసుకెళ్లడం: విడదీయడం నుంచి ఇంట్లో దించేదాకా

డిటెక్టర్ల మరమ్మతుల్లో తరచూ కనిపించేవి కొన్నే. కాయిల్ (నేల మీద తిప్పే పళ్లెం లాంటి భాగం) చెవి విరగడం, కేబుల్ లోపల తీగ తెగడం, షాఫ్ట్ (కాయిల్‌ను పట్టి ఉంచే పొడవు గొట్టం) లాక్ పగలడం, స్క్రీన్ మీద గీతలు పడటం. నేల మీద జాగ్రత్తగా తిప్పే వాళ్ల డిటెక్టర్లకూ ఇవి వస్తాయంటే కారణం చాలాసార్లు ప్రయాణమే. ఎనిమిది వందల డాలర్ల డిటెక్టర్‌ను జోడించింది జోడించినట్టే వెనక సీటు మీద పడేసి, దాని మీద కూలర్ పెట్టి, రెండు గంటలు డ్రైవ్ చేస్తే జరిగేది అదే. అమెరికాలో వారాంతాల్లో బీచ్‌లకూ, అనుమతి తీసుకున్న పాత పొలాలకూ డిటెక్టర్ తీసుకెళ్లే తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. ఇక్కడ విడదీసి సర్దడం డిటెక్టర్ మేలు కోసమే కాదు, కొన్ని దారుల్లో చట్టం కూడా అదే అడుగుతుంది. ఆ సంగతి కాస్త ముందుకెళ్లాక చెబుతాం.

విడదీసే వరస

ముందు పవర్ ఆపండి. స్క్రీన్ ఆరిపోయిందని కళ్లతో చూసి రూఢి చేసుకోండి. బ్యాగ్‌లో బటన్ నొక్కుకుపోయి బ్యాటరీ అయిపోవడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే. వైర్‌లెస్ హెడ్‌ఫోన్లనూ, పిన్‌పాయింటర్‌నూ (గుంటలో లోహం ఎక్కడుందో చూపే చేతి డిటెక్టర్) విడిగా ఆపాలి. డిటెక్టర్ ఆగితే అవి కూడా ఆగిపోతాయని అనుకోకండి.

తర్వాత షాఫ్ట్ మీద ఉన్న ఇసుక తుడవండి. ఈ పని మడవక ముందే చెయ్యాలి. తుడవకుండా కింది గొట్టాన్ని పై గొట్టంలోకి తోస్తే ఇసుక రేణువులు రెండింటి మధ్య ఇరుక్కుని కార్బన్ ఫైబర్‌ను గీకేస్తాయి, లాక్ పట్టు వదులవుతుంది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే అర నిమిషం పడుతుంది. మడిచాక లాక్‌ను బిర్రుగా బిగించి ఉంచకండి, సగం బిగిస్తే చాలు. ఎండలో ఉన్న కారులో ప్లాస్టిక్ వ్యాకోచిస్తుంది, బలంగా బిగించిన లాక్ మీద ఆ ఒత్తిడంతా పడి పగులు మొదలవుతుంది.

ఇప్పుడు కాయిల్. కాయిల్‌ను షాఫ్ట్‌కు కలిపే చోట పైకి లేచి ఉండే రెండు చెవులే డిటెక్టర్ మొత్తంలో బలహీనమైన భాగం. వాటి మధ్య రబ్బరు వాషర్లు, అడ్డంగా ఒక ప్లాస్టిక్ బోల్టు ఉంటాయి. బోల్టు బిగిసి ఉండగా కాయిల్‌ను చేత్తో పట్టి మడిస్తే ఆ బలమంతా చెవుల మొదట్లో పడుతుంది. మొదట వెంట్రుకంత పగులు వస్తుంది, కంటికి ఆనదు. నాలుగైదు ప్రయాణాల తర్వాత ఒకరోజు గడ్డిలో చిన్న దెబ్బ తగలగానే విరుగుతుంది. అప్పుడు తప్పు గడ్డిదని అనుకుంటాం. అందుకని బోల్టును ఒకటిన్నర చుట్టు వదులు చేశాకే కాయిల్‌ను మడవండి. వారానికోసారి ఆ చెవుల మొదట్లో గోటితో రాసి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే పగులు మొదలైనట్టే.

కాయిల్‌ను షాఫ్ట్‌కు సమాంతరంగా మడిచి అలాగే సర్దవచ్చు, లేదా బోల్టు తీసి వేరు చేయవచ్చు. గంటలోపు దారికి మడిస్తే సరిపోతుంది. అంతకు మించితే, లేదా కారులో ఇంకా సామాను ఉంటే, వేరు చేయడమే మంచిది. తీసిన బోల్టు, నట్టు, రెండు వాషర్లను వెంటనే కింది షాఫ్ట్ రంధ్రంలోకే తిరిగి ఎక్కించి నట్టు బిగించండి. జేబులో వేసుకున్న వాషర్లు అవతలికి చేరేసరికి ఒకటే మిగులుతుంది. రెండు వాషర్లు, ఒక బోల్టు సెట్టు అదనంగా బ్యాగ్‌లో ఉంచుకోవడం ఎలాగూ అవసరం.

కేబుల్ దగ్గర తొందర పడకూడదు. కాయిల్‌లోకి కేబుల్ వెళ్లే చోట రెండు మూడు అంగుళాల వదులు ఉండాలి. మిగతా కేబుల్‌ను షాఫ్ట్ చుట్టూ వదులుగా చుట్టి వెల్క్రోతో రెండు చోట్ల కట్టండి. వేలి మందం కన్నా ఇరుకైన వంపు ఎక్కడా రాకూడదు. జిప్ టైలు వాడకండి, అవి బిగిస్తే వదలవు, కేబుల్ తొడుగును కోస్తాయి. లోపలి తీగ సగం తెగితే డిటెక్టర్ పూర్తిగా ఆగదు, నేల మీద ఏమీ లేకపోయినా కూస్తూ ఉంటుంది. జనం దాన్ని కరెంటు తీగల ప్రభావం అనుకుని గంటలు వెచ్చిస్తారు.

స్క్రీన్, బటన్లు ఉండే కంట్రోల్ బాక్స్ దగ్గరున్న కనెక్టర్‌ను ప్రతిసారీ ఊడదీయాల్సిన పని లేదు. ఊడదీస్తే మాత్రం అందులో ఉండే రబ్బరు రింగు మీద ఇసుక లేకుండా చూసి, మళ్లీ పెట్టేటప్పుడు చేత్తోనే తిప్పండి, పట్టకారు వద్దు. వాటర్‌ప్రూఫ్ మోడళ్లలో ఆ రింగు మీద ఒక్క ఇసుక రేణువు చాలు, నీళ్లు లోపలికి చేరడానికి.

బ్యాగ్ ఎంపిక

మడిస్తే చిన్నవయ్యే కొత్త మోడళ్లకు బ్యాగ్ వెతుక్కోవడం తేలిక. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 900 మడిస్తే 61 సెంటీమీటర్లు, నోక్టా లెజెండ్ 63 సెంటీమీటర్లు. అంటే 24, 25 అంగుళాలు. గారెట్ ఏటీ ప్రో లాంటి మూడు ముక్కల ఎస్ షాఫ్ట్ మోడళ్లకు, పాత ఈక్వినాక్స్ 800కు పొడవైన బ్యాగ్ కావాలి.

చాలామంది తుపాకీ కేసు కొంటారు. లోపల ఫోమ్ ఉంటుంది, పొడవు సరిపోతుంది, ధర తక్కువ. అయినా మేం వద్దంటాం. పార్కింగ్‌లో కారు అద్దంలోంచి అది తుపాకీలాగే కనిపిస్తుంది, దొంగకు డిటెక్టర్ కన్నా తుపాకీ మీద ఆశ ఎక్కువ. రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు కూడా అనవసరమైన ప్రశ్నలు వస్తాయి.

మన ఇళ్లలో గరాజ్‌లో మూలపడి ఉండే క్రికెట్ కిట్ బ్యాగ్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. నిబంధనల ప్రకారం బ్యాట్ పొడవు 38 అంగుళాలు దాటకూడదు కాబట్టి ఆ బ్యాగులు అంత పొడవు పట్టేలా కుడతారు. షాఫ్ట్ ముక్కలు ఏవైనా అందులో పడతాయి. చూసుకోవాల్సింది వెడల్పు. 11 అంగుళాల కాయిల్‌కు చుట్టూ ఫోమ్ కలుపుకుని కనీసం 13 అంగుళాల వెడల్పు కావాలి. బ్యాట్ పెట్టుకునే పక్క అరలో కాయిల్ పట్టదు, ప్రధాన అరలో అడుగున పెట్టాలి. అరంగుళం మందం ఉన్న యోగా మ్యాట్‌ను బ్యాగ్ అడుగుకు సరిపడా కత్తిరించి వేస్తే ఫోమ్ పని అయిపోతుంది.

సర్దేటప్పుడు కాయిల్ అడుగు భాగం, అంటే స్కిడ్ ప్లేట్ (గీతలు పడకుండా వేసే తొడుగు) ఉన్న వైపు, బ్యాగ్ గోడకు ఆనాలి. చెవులు లోపలికి ఉండాలి. చెవుల మధ్య ఖాళీలో ఒక మడిచిన గుడ్డ పెడితే పక్క నుంచి ఒత్తిడి వచ్చినా అవి లోపలికి వంగవు. స్క్రీన్ ఉన్న కంట్రోల్ బాక్స్‌ను ఒక పాత టవల్‌లో చుట్టండి. పిన్‌పాయింటర్‌ను దాని తొడుగులోనే ఉంచి, మొన కిందికి ఉండేలా పక్క అరలో పెట్టండి. బరువైనవేవీ ఈ బ్యాగ్‌లోకి రాకూడదు. డిగ్గర్ (తవ్వే చేతి కత్తి), పార, స్కూప్ (ఇసుక జల్లించే గరిట), నీళ్ల డబ్బా వేరే చోట ఉండాలి.

కారులో ఎక్కడ పెట్టాలి

కామ్రీ, అకార్డ్ లాంటి సెడాన్లలో ట్రంకే సరైన చోటు. వెనక సీటు మడిచి కారు లోపలికి వచ్చేలా పెడితే షాఫ్ట్ విడదీసే శ్రమ తప్పుతుందని అనిపిస్తుంది. కానీ ఆ సీటు వీపే ట్రంక్ సామాను మీదకు రాకుండా ఆపే గోడ. దాన్ని మడిస్తే గోడ తీసేసినట్టే.

ఎస్‌యూవీల్లో ట్రంక్ వేరే గదిలా ఉండదు, సామానుకీ మనుషులకీ మధ్య సీటు వీపు ఒక్కటే. అందుకని బ్యాగ్‌ను అడ్డంగా, సీటు వీపుకు ఆనించి నేల మీద పడుకోబెట్టండి. ఏ వస్తువూ సీటు వీపు అంచు కన్నా ఎత్తుకు రాకూడదు. ఒడిస్సీ, సియెన్నా లాంటి మినీవ్యాన్లలో మూడో వరస వెనక లోతైన గుంట ఉంటుంది. పార, స్కూప్, నీళ్ల డబ్బా అడుగున పెట్టి, పైన డిటెక్టర్ బ్యాగ్ పెట్టండి. మూడో వరసలో పిల్లలు కూర్చుంటే పార ఆ గుంటలోంచి పైకి పొడుచుకురాకూడదు.

కట్టడానికి ఒక అంగుళం వెడల్పున్న మామూలు బకిల్ స్ట్రాప్ చాలు. ర్యాచెట్ స్ట్రాప్ బిగింపు చేతికి తెలియకుండానే షాఫ్ట్‌ను నలిపేస్తుంది. సాగే బంజీ తాళ్లు పనికిరావు. బ్రేకు పడినప్పుడు అవి సాగి, సామాను ముందుకు వెళ్లాకే వెనక్కి లాగుతాయి. స్ట్రాప్‌ను నేల మీది లోహపు రింగులకు తగిలించండి. పిల్లల సీటు పై పట్టీ కోసం సీటు వెనక ఉండే కొక్కేలకు తగిలించకండి, ఆ కొక్కెం పిల్లల సీటు కోసమే ఉండాలి.

పికప్ వెనక తెరిచిన బెడ్‌లో డిటెక్టర్ పెట్టకండి. దుమ్ము, వాన, ఎండ, ఎగిరెగిరి పడటం, అన్నీ ఒకేసారి తగులుతాయి. క్యాబ్‌లో వెనక సీటు కింద చోటు ఉంటే అక్కడ పెట్టండి.

పార, డిగ్గర్

డిటెక్టర్ దెబ్బతింటే డబ్బు పోతుంది. పార కదిలితే మనిషికి దెబ్బ తగులుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఢీకొని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి, లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు సుమారు 20 రెట్ల బలంతో ముందుకు వెళ్లాలని చూస్తుంది. రెండు కిలోల పార ఆ క్షణంలో 40 కిలోల బరువుతో వస్తుంది, ముందువైపు పదునైన అంచుతో. పొడవు కర్ర ఉన్న బీచ్ స్కూప్ ఇంకా బరువు.

పారను నేల మీద అడ్డంగా, పదును తలుపు వైపు కాకుండా కారు గోడ వైపు ఉండేలా పడుకోబెట్టి రెండు చోట్ల కట్టండి. పదును మీదకు పాత నీళ్ల పైపును అడుగు పొడవు కోసి, నిలువుగా చీల్చి తొడగండి. పిల్లల ఈత కోసం వాడే ఫోమ్ గొట్టం కూడా అలాగే పనికొస్తుంది. ట్రంక్ తలుపు తెరిచి చేయి పెట్టినప్పుడు వేళ్లు కోసుకునే ప్రమాదం దాంతో తప్పుతుంది. రంపపు పళ్లున్న చేతి డిగ్గర్‌కు గట్టి తొడుగు తప్పనిసరి. మెత్తటి గుడ్డ తొడుగును ఆ పళ్లు కొద్ది రోజుల్లోనే చీల్చేస్తాయి. డిగ్గర్‌ను నడుముకు పెట్టుకుని కారు నడపకండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు అది మీ తొడకో పొట్టకో ఎదురుగా ఉంటుంది. దార్లో గ్యాస్ స్టేషన్‌లోకి, హోటల్లోకి వెళ్లేటప్పుడూ దాన్ని కారులోనే వదలండి. చూసేవాళ్లకు అది కత్తి.

బ్యాటరీలు, ఎండ

అమెరికా వాతావరణ శాఖ చెప్పే లెక్క ప్రకారం బయట 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజున మూసిన కారు లోపల పది నిమిషాల్లో 99, అరగంటలో 114, గంటలో 123 డిగ్రీలు అవుతుంది. 123 అంటే 50 సెల్సియస్ దాటినట్టే. డల్లాస్‌లో జూలైలో బయటే 100 దాకా ఉంటుంది. డ్యాష్‌బోర్డ్ మీద, వెనక అద్దం కింద ఎండ నేరుగా పడే చోట ఇంకా ఎక్కువ. లిథియం బ్యాటరీ ఆ వేడిలో ఒక్కరోజులో పేలిపోదు, కానీ వేడిలో గడిపిన ప్రతి గంటకూ దాని సామర్థ్యం శాశ్వతంగా కాస్త తగ్గుతుంది. నిండా చార్జ్ అయి ఉంటే ఇంకా వేగంగా తగ్గుతుంది. అందుకే డిటెక్టర్‌ను వేసవిలో కారులో వదిలేయడం అలవాటు చేసుకోకండి. భోజనానికి ఆగినప్పుడు బ్యాగ్‌ను ట్రంక్ అడుగుకు మార్చి పైన ఒక దుప్పటి కప్పండి. ఖాళీ కూలర్ ఉంటే పిన్‌పాయింటర్, హెడ్‌ఫోన్లు, పవర్ బ్యాంక్ అందులో పెట్టవచ్చు. అయితే ఐసు వేయకండి, చెమ్మ పడుతుంది.

వేడెక్కిన డిటెక్టర్‌ను అలాగే నీళ్లలో ముంచడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. వాటర్‌ప్రూఫ్ మోడల్ లోపల బిగించిన గాలి ఉంటుంది. కారులో అది వేడెక్కి వ్యాకోచిస్తుంది. చల్లటి నీళ్లు తగలగానే ఒక్కసారిగా కుంచించుకుని, రబ్బరు సీల్ ఏ మాత్రం బలహీనంగా ఉన్నా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఈక్వినాక్స్ 800కు 3 మీటర్ల లోతు వరకు, ఏటీ ప్రోకు 10 అడుగుల వరకు ఇబ్బంది లేదని రాసి ఉంటుంది. ఆ అంకెలు ఉష్ణోగ్రత తేడా గురించి చెప్పవు. బీచ్‌కు చేరగానే డిటెక్టర్‌ను నీడలో పెట్టి కనీసం 20 నిమిషాలు ఆగండి. ఆ సమయంలో ఎక్కడ వెతకాలో చుట్టుపక్కల తిరిగి చూసుకోవచ్చు.

9 వోల్టుల బ్యాటరీ సంగతి వేరే. దాని రెండు ధ్రువాలూ ఒకే వైపు, అర అంగుళం దూరంలో ఉంటాయి. గారెట్ ప్రో పాయింటర్ ఏటీకి అదే కావాలి కాబట్టి చాలామంది ఒకటి అదనంగా పెట్టుకుంటారు, దాన్ని తీసుకెళ్లి ఏరిన వస్తువుల పౌచ్‌లోనే వేస్తారు. ఆ పౌచ్‌లో నాణేలు, మేకులు, డబ్బాల మూతల రింగులు ఉంటాయి. ఒక్క నాణెం రెండు ధ్రువాలనూ తాకితే బ్యాటరీ కాలిపోయేంత వేడెక్కుతుంది, పక్కన కాగితం ఉంటే అంటుకుంటుంది. ధ్రువాల మీద టేపు వేయండి, లేదా ప్లాస్టిక్ డబ్బాలో విడిగా పెట్టండి. డబుల్ ఏ బ్యాటరీలతో నడిచే మోడళ్లలో నెలకు పైగా వాడకపోతే బ్యాటరీలు తీసేయండి. ఎండలో ఉన్న కారులో ఆల్కలైన్ బ్యాటరీలు త్వరగా కారుతాయి, ఆ తెల్లటి పొడి కాంటాక్టులను తినేస్తుంది.

కారులో చార్జ్ చేయాలనుకుంటే చార్జర్ తలను ఒకసారి దగ్గరగా చూడండి. ఈక్వినాక్స్ వంటి వాటిలో చార్జర్ అయస్కాంతంతో అతుక్కుంటుంది. బీచ్ ఇసుకలో నల్లటి ఇనుప రేణువులు ఉంటాయి, అవి ఆ అయస్కాంతానికి సన్నటి గడ్డంలా అంటుకుంటాయి. తుడవకుండా పెడితే కాంటాక్టులు నల్లబడతాయి. సెలోటేపు ముక్కను దాని మీద అద్ది లాగితే రేణువులు వచ్చేస్తాయి, గుడ్డతో తుడిస్తే అటూ ఇటూ జరుగుతాయంతే. డిటెక్టర్ చేతికి వేడిగా తగులుతుంటే చార్జింగ్ మొదలుపెట్టకండి. 45 సెల్సియస్ దాటిన లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు.

దారిలో ఉన్న చట్టం

అమెరికా జాతీయ పార్కుల్లో డిటెక్టర్ వాడటమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. ఫెడరల్ నిబంధనల్లో 36వ విభాగం 2.1లో ఇది ఉంది. అదే చోట ఒక మినహాయింపు కూడా ఇచ్చారు: విడదీసి, పార్కులో వాడటానికి వీల్లేకుండా సర్దిపెట్టిన పరికరానికి ఈ నిషేధం వర్తించదు. అంటే వెనక సీటు మీద జోడించి ఉన్న డిటెక్టర్‌తో మీరు కారు కూడా దిగకుండా పార్కు దాటినా నిబంధన మీరినట్టే. జరిమానా 5,000 డాలర్ల వరకు, జైలు ఆరు నెలల వరకు ఉండవచ్చు.

పార్కు అనగానే గేటూ టికెట్టూ గుర్తొస్తాయి. కానీ బ్లూ రిడ్జ్ పార్క్‌వే 469 మైళ్లు, నాచెజ్ ట్రేస్ పార్క్‌వే 444 మైళ్లు, రెండూ మొత్తం జాతీయ పార్కుల సర్వీసు కిందే ఉన్నాయి. షార్లెట్ నుంచో నాష్‌విల్ నుంచో బయల్దేరినవాళ్లకు అవి మామూలు రోడ్లలాగే అనిపిస్తాయి. టెక్సాస్‌లో కార్పస్ క్రిస్టీ నుంచి పార్క్ రోడ్ 22 మీద దక్షిణంగా పోతే, అదే రోడ్డు పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్ లోపలికి తీసుకెళ్తుంది. 1554లో స్పెయిన్ ఓడలు మునిగిన తీరం అది, అక్కడ డిటెక్టర్ల మీద రేంజర్ల కన్ను ఎందుకుంటుందో అర్థమవుతుంది.

ఇలాంటి దారి ఉంటే షాఫ్ట్ మడిచి ఊరుకోకుండా కాయిల్‌ను పూర్తిగా వేరు చేసి, బ్యాగ్ జిప్ వేసి, ట్రంక్‌లో అడుగున పెట్టండి. వీలైతే కాయిల్ ఒక బ్యాగ్‌లో, కంట్రోల్ బాక్స్ ఇంకో బ్యాగ్‌లో పెట్టండి. టెలిస్కోపిక్ షాఫ్ట్ పది సెకన్లలో తెరుచుకుంటుంది కాబట్టి మడిచినంత మాత్రాన విడదీసినట్టని రేంజర్ ఒప్పుకోవాలని లేదు. ఫెడరల్ నేలల మీద వందేళ్లు దాటిన పురావస్తువులను తీసే కేసుల్లో, 1979 చట్టం ప్రకారం, వాడిన పరికరాలతో పాటు వాహనాన్ని కూడా స్వాధీనం చేసుకోవచ్చు. ఏ నేల ఎవరిదో ఇంటి దగ్గరే చూసుకుని బయల్దేరండి.

సెలవులకు ఇండియా వెళ్తూ డిటెక్టర్ తీసుకెళ్దామనుకునేవాళ్లకు ఒక మాట. మన దగ్గర 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ గుప్తనిధుల తవ్వకాల కేసుల్లో పోలీసులు పట్టుకునే సామానులో డిటెక్టర్ ఉంటుంది, కాబట్టి పాత గుడి ఉన్న ఊరి శివారులో మీ కారులో అది కనిపిస్తే ఊరివాళ్లు మిమ్మల్ని ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. తీసుకెళ్లకండి.

గమ్యం చేరాక

డిటెక్టర్‌ను కారు పక్కనే ఆన్ చేసి సరిచూడకండి. కారు లోహం, హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కారు చార్జింగ్, రెండూ దాన్ని గందరగోళపరుస్తాయి. ముప్పై అడుగులు దూరం వెళ్లి నాయిస్ క్యాన్సిల్ (చుట్టుపక్కల విద్యుత్ గోలను తగ్గించే బటన్) నొక్కండి. కారు తాళంచెవిని కాయిల్‌కు దగ్గరగా వచ్చే జేబులో ఉంచకండి.

దొంగతనాల విషయంలో ముఖ్యమైనది సమయం. పార్కింగ్‌లోకి వచ్చాక ట్రంక్ తెరిచి విలువైనవి లోపల పెడితే, చూస్తున్నవాడికి ఏది ఎక్కడుందో మీరే చూపించినట్టు. దాచాల్సినవన్నీ ఇంట్లోనో, అంతకు ముందు ఆగిన చోటో దాచి రండి. డిటెక్టర్ సీరియల్ నంబరును, రసీదును ఫొటో తీసి ఉంచుకోండి. కారు అద్దం పగలగొట్టి సామాను ఎత్తుకెళ్తే సాధారణంగా కారు ఇన్సూరెన్స్ అద్దానికే ఇస్తుంది, లోపలి సామాను ఇంటి లేదా అద్దె ఇంటి ఇన్సూరెన్స్ కిందికి వస్తుంది. అందులో మీరు భరించాల్సిన వాటా (డిడక్టిబుల్) ఎంతో ముందే చూసుకోండి. 500 డాలర్లు అయితే 600 డాలర్ల డిటెక్టర్‌కు క్లెయిమ్ చేసి లాభం లేదు.

తిరుగు ప్రయాణం

సముద్రం నుంచి వస్తుంటే ఉప్పును అక్కడే వదలాలి. రెండు గ్యాలన్ల మంచినీళ్లు, మొక్కలకు కొట్టే చేతి స్ప్రేయర్ వెంట ఉంటే చాలు. ముందు కాయిల్, తర్వాత షాఫ్ట్ లోపల, లాక్‌ల కింద, చివరగా చార్జింగ్ కాంటాక్టులు. హెడ్‌ఫోన్ పోర్ట్ మూతను కడిగేటప్పుడు తీయకండి. కాయిల్ అడుగున స్కిడ్ ప్లేట్‌ను నెలకోసారి ఊడదీస్తే లోపల ఉప్పు ఇసుక పొర కనిపిస్తుంది. ఆ పొరలో ఇనుప రేణువులు ఉంటే డిటెక్టర్ వాటినే పలకరిస్తూ ఉంటుంది. తడిసిన గుడ్డలు, గ్లవ్స్, స్కూప్ అన్నీ అంచులున్న ప్లాస్టిక్ టబ్‌లో వేయండి. ఉప్పు నీళ్లు ట్రంక్ కార్పెట్ కింద చేరితే లోహం తుప్పు పడుతుంది, అది బయటికి కనపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

దొరికినవాటిని రెండుగా విడదీయండి. చెత్త, అంటే మేకులు, గాలాలు, చీలిన డబ్బా ముక్కలు, గట్టి మూత ఉన్న డబ్బాలోకి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే గాలాలు బయటికి పొడుచుకొస్తాయి. పాత నాణేలు, బటన్లు, ఉంగరాలు లాంటివి మట్టితో సహా మాత్రల డబ్బా అరల్లో, ఒక్కో అరలో ఒక్కటే. కారులో కూర్చుని బొటనవేలితో మట్టి రుద్దకండి, ఆ మట్టిలో ఉండే ఇసుక నాణెం ముఖాన్ని గీసేస్తుంది.

వర్జీనియా, మేరీల్యాండ్, పెన్సిల్వేనియా వైపు అంతర్యుద్ధం జరిగిన నేలల్లో బరువైన ఇనుప గుండు దొరికితే దాన్ని కారులో ఎక్కించకండి. ఫిరంగి గుండ్లన్నీ గట్టి ఇనుము కావు, కొన్నిటి లోపల మందు ఉంటుంది, నూటయాభై ఏళ్ల తర్వాత కూడా అది పనిచేయగలదు. 2008లో వర్జీనియాలోని చెస్టర్‌లో అలాంటి గుండును శుభ్రం చేస్తుండగా పేలి ఒకరు చనిపోయారు. ఆ చోటు గుర్తుపెట్టి, దూరంగా వెళ్లి 911కు ఫోన్ చేయండి. అది ఖాళీ గుండే అయినా పోలీసులు మిమ్మల్ని తప్పుపట్టరు.

చలికాలంలో ఇంటికొచ్చాక ఇంకో జాగ్రత్త ఉంది. న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో గడ్డకట్టే చలిలో ఉన్న డిటెక్టర్‌ను వెచ్చటి ఇంట్లోకి తెచ్చి వెంటనే బ్యాగ్ తెరిస్తే స్క్రీన్ లోపలి వైపు, కనెక్టర్ల మీద చెమ్మ పడుతుంది. జిప్ మూసే ఉంచి రెండు గంటలు వదిలేయండి. డిటెక్టర్ మెల్లగా వేడెక్కితే చెమ్మ బ్యాగ్ బయటే ఆగిపోతుంది. సున్నా సెల్సియస్‌కు కింద ఉన్న లిథియం బ్యాటరీని చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది. కాబట్టి చార్జర్‌ను ఆ రెండు గంటల తర్వాతే పెట్టండి. ఇక వేసవిలో అయితే ఇందుకు తిరగేసి: ఇంటికి రాగానే జిప్ పూర్తిగా తెరిచి, కాయిల్, షాఫ్ట్ ముక్కలను విడివిడిగా నీడలో ఆరబెట్టి, బ్యాగ్ అడుగున యోగా మ్యాట్ కింద చేరిన ఇసుకను బయట దులపండి.